తుడవని పాలు

మా ఊళ్లో తెలుగువాళ్లెవరైనా భోజనానికి పిలిస్తే, నా చేతికి ప్లేటు రాకముందే ఎవరో ఒకరు మోకాలు చూపిస్తారు. ఒకాయన సాంబారు గరిటె చేత్తో పట్టుకునే ప్యాంటు పైకి లాగుతాడు. ఒకావిడ నన్ను పక్కగదిలోకి తీసుకెళ్లి, నడుము ఎక్కడ పట్టేసిందో నా వేళ్లతోనే నొక్కించుకుంటుంది. నేను డాక్టర్ని కాను. దెబ్బలు తగిలినవాళ్ల తరఫున వాదించే లాయర్ని. ఈ తేడా పామర్‌స్టన్ నార్త్‌లో మనవాళ్లకి పదకొండేళ్లుగా చెబుతున్నాను. వింటారు, తలూపుతారు, రెండో మోకాలు కూడా చూపిస్తారు.

నా వెనకాల నన్ను ‘దెబ్బల లాయరు’ అంటారు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు ఆ పేరుతో పిలిస్తే పలుకుతాను కూడా.

ఈ దేశంలో దెబ్బ తగిలితే ఎవరి మీదా కేసు వేయడానికి లేదు. తప్పెవరిదని అడిగేవాళ్లే లేరు. దానికో ప్రభుత్వ పథకం ఉంది. ప్రమాదం జరిగిందని ఒప్పుకుంటే వైద్యం వాళ్లే చేయిస్తారు, పనికి వెళ్లలేనన్నాళ్లూ జీతంలో చాలావరకు ఇస్తారు. ఒప్పుకుంటేనే. ‘ఇది ప్రమాదం కాదు, వయసుతో అరిగిపోయింది’ అని ఉత్తరం వచ్చిందంటే ఇక ఏమీ రాదు. అప్పుడు జనం నా దగ్గరికి వస్తారు. ఆ ఉత్తరం తప్పని రివ్యూలో వాదించడమే నా పని. అది కోర్టు కాదు. ఒక గదిలో బల్ల చుట్టూ కూర్చుని, రెండువైపులా విని తీర్పు రాసే అధికారి ముందు చెప్పుకోవాలి. సినిమాల్లోలా నల్లకోటు విసురుకుంటూ అటూ ఇటూ నడిచే అదృష్టం నాకు ఇంతవరకూ పట్టలేదు.

నాకో పద్ధతి ఉంది. ఎవరొచ్చినా కాగితాలు ముట్టుకోకముందు ‘ఎలా పడ్డారో చూపించండి’ అంటాను. నిజంగా పడమని కాదు. కాలెక్కడుంది, చెయ్యెటు పోయింది, దేన్ని పట్టుకోబోయారు, అది చాలు. నా ఆఫీసు మేడ మీద. కింద ఇళ్ల అమ్మకాల కాగితాలు చూసుకునే పెద్దాయన, ఈ దేశపు కివీ, మొదట్లో ధబధబమన్నప్పుడల్లా పైకి పరిగెత్తుకొచ్చేవాడు. ఇప్పుడు తలెత్తి కూడా చూడడు. పడిన మనిషికి ఆ పడ్డం ఒంట్లోనే ఉండిపోతుంది. చూపిస్తూ చూపిస్తూ సరిగ్గా ఆ క్షణం దగ్గరికొచ్చేసరికి మొహం మారిపోతుంది. నేను ఆ మొహం కోసమే చూస్తాను.

ఆవిడ వచ్చినప్పుడు ఆ మొహం కనబడలేదు.

నలభై ఏడేళ్ల మనిషి, నెల్లూరు వైపు. ఇక్కడ వృద్ధుల కేర్ హోంలో పని. ముసలివాళ్లని మంచం మీంచి లేపాలి, స్నానాలు చేయించాలి, కుర్చీలో కూర్చోబెట్టాలి. మా ఆడవాళ్లందరిలోకీ పొడుగు. అందుకే ఏ ఇంట్లో ఏ ఫంక్షనైనా తోరణం కట్టాలంటే ఆవిణ్ణే కేకేస్తాం. ఇక్కడ చలికాలమైన జులైలో, వానలో తడుస్తూ మొగుడితో కలిసి మెట్లెక్కి వచ్చింది. నేను ముందు చూసింది ఆవిడ జడని. మొదట్లో వదులుగా ఉంది, మధ్యలో మోకులా బిగిసింది, చివర్న రబ్బరు బ్యాండు ఇష్టమొచ్చినన్నిసార్లు చుట్టేసి ఉంది.

“జడెవరేశారు?” అన్నాను.

“మీ మరిదిగారేనక్కా,” అంది. “చెయ్యి పైకి లేవట్లేదు.”

కొరియర్ వ్యాను నడుపుకునే ఆ మనిషి సిగ్గుతో తల దించుకున్నాడు. నాకు అతను అప్పుడే నచ్చాడు.

కుడి భుజం లోపల కండని ఎముకకి కట్టి ఉంచే టెండాన్ చిరిగింది. కుట్టాలి. ఆలస్యమైతే చిరిగిన అంచు లోపలికి కుంచించుకుపోయి కుట్టడానికి అందదని సర్జన్ రాశాడు. ప్రభుత్వాసుపత్రి క్యూలో నిలబడితే పిలుపు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. కేర్ హోం వాళ్లు మంచివాళ్లే, దుప్పట్లు మడతపెట్టే పని ఇచ్చి క్రిస్మస్ దాకా చూస్తామన్నారు. ఆ తర్వాత మనుషుల్ని లేపలేని మనిషితో వాళ్లకేం పని? చెయ్యి, ఉద్యోగం, రెండూ ఒక్క ఉత్తరం మీద ఆగిపోయాయి. ఆ ఉత్తరంలో ఇలా ఉంది: బట్టలు ఆరేయడం ప్రమాదం కాదు, చిరుగు వయసువల్ల వచ్చింది.

“బట్టలు ఆరేస్తుంటే జరిగిందా?” అన్నాను.

“అవునక్కా.”

“చూపించు.”

నా శాలువా ఇచ్చాను. ఎడంచేత్తో పట్టుకుని, లేని తీగ మీద లేని క్లిప్పు పెట్టింది. బడిపిల్ల డ్రామాలో చెట్టు వేషం వేసినట్టు చేసింది. మొహంలో ఏమీ లేదు. నేను ఫైలు తిప్పాను. ఫిజియోథెరపిస్టు రాసుకున్న నోట్సులో ఒక లైను ఉంది. కుడి మోచేతి మీద, తుంటి మీద కమిలి పసుపురంగుకి తిరిగిన పాత మచ్చలు.

“బట్టలు ఆరేస్తే తుంటి కములుతుందా?”

శాలువా బల్ల మీద పెట్టింది. మొగుడు కిటికీలోంచి వాన చూస్తున్నాడు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, మా ఆయన ఇరవై ఆరేళ్లుగా ఆ మాటే అంటున్నాడు. “చూడమ్మా, నాకు అబద్ధం చెప్పేవాళ్ల కేసు నేను పట్టను. ఇంకో లాయర్ని చూసుకో,” అని ఫైలు ఆవిడ వైపు తోశాను.

ఆవిడ ఏడ్చింది. ఏడుస్తూనే, “వదిన వాళ్ల గృహప్రవేశం రోజక్కా,” అంది.

ఆ గృహప్రవేశానికి నేనూ వెళ్లాను. అక్కడ పులిహోర రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఊరి చివర కొత్తగా కట్టిన లేఅవుట్‌లో ఇల్లది. వరసకి వదిన అంటుందేగానీ చుట్టరికం లేదు, ఆవిడా ఈవిడా ప్రాణస్నేహితులు. ఈవిడ ఈ దేశంలో దిగిన కొత్తల్లో నాలుగు నెలలు తన ఫ్లాట్‌లో పెట్టుకుని అన్నం పెట్టింది ఆ వదినే. గృహప్రవేశం పొద్దున హాలంతా జనం. కొత్త స్టవ్వు మీద పాలు పొంగాయి, గిన్నె చుట్టూ కారి, కౌంటరు మీంచి కిందికి జారి, వంటింటి నేలంతా పరుచుకున్నాయి. ‘చాలా బాగా పొంగాయి’ అని అందరం సంతోషించాం. తర్వాత హోమం మొదలైంది, పొగ లేచింది, సీలింగుకి ఉన్న స్మోక్ అలారం చెవులు చిల్లులుపడేలా అరవడం మొదలెట్టింది. ఈ దేశంలో మన హోమాలన్నిటికీ ఆ సన్నాయి తప్పదు. పంతులుగారు గొంతు పెంచారు, అలారం ఇంకా పెంచింది. పొడుగుమనిషి కదా అని ఎవరో ఈవిణ్ణి కేకేశారు. వంటింటి గుమ్మం దగ్గర స్టూలెక్కింది, చెయ్యి చాపి బటన్ నొక్కింది, అలారం ఆగింది. దిగుతూ కాలు పాలల్లో పెట్టింది.

“పొంగిన పాలు ఎవరూ తుడవలేదా?” అన్నాను.

“అప్పుడే తుడవకూడదన్నారక్కా.”

అంతే మరి. ఇంకే దేశస్థులైనా కాగితపు టవలు తెచ్చి తుడిచేసేవాళ్లు. మనం శుభాన్ని నేల మీద వదిలేశాం, ఆవిడ దాని మీద కాలేసింది.

“చూపించు,” అన్నాను మళ్లీ. ఈసారి శాలువా ఇవ్వలేదు. లేచి నిలబడింది, ఎడంకాలు కిందికి దించబోయింది, కుడిచెయ్యి వెనక్కి పోయి దేన్నో పట్టుకోబోయి ఆగిపోయింది. మొహం మారింది. నేను ఎదురుచూసే మొహం అదే.

పడింది సరే, దాచడమెందుకు? శుభకార్యంలో మనిషి పడిందంటే ఇంటికి మంచిది కాదంటారని. అంతేకాదు, డాక్టరు దగ్గర వదిన ఇంట్లో పడ్డానని రాయిస్తే వదిన మీద కేసవుతుందేమోనని. రెండు వారాలు బామ్ రాసుకుంటూ ఓర్చుకుంది. ఇక ఓర్చుకోలేక క్లినిక్కి వెళ్లి, మా ఇంట్లో బట్టలు ఆరేస్తుంటే పట్టేసిందని చెప్పింది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. వదిన మీద ఎవరూ వేలు కూడా ఎత్తరు! స్టూలు మీంచి జారిపడ్డానని ఆ రోజే ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఈపాటికి ఆపరేషన్ అయిపోయి జడ వేసుకుంటూ ఉండేది.

ఇప్పుడు నిజం చెప్పాలంటే ముందు అబద్ధం చెప్పామని ఒప్పుకోవాలి. మొదటిది మార్చి రెండోది చెప్పేవాళ్లని ఎవరు నమ్ముతారు? సాక్ష్యం కావాలి. ఆ రోజు వదిన తమ్ముడు తంతంతా వీడియో తీశాడు. తర్వాత మా తెలుగువాళ్ల ఫోన్ గ్రూపులో పెట్టిన దాంట్లో హోమం దగ్గర కొంత ముక్క లేదు.

నేనే ఆ ఇంటికి వెళ్లాను. వదిన కాఫీ ఇచ్చింది, విషయం చెప్పగానే ముఖం పాలిపోయింది.

“అక్కా, మీకు దండం పెడతాను. ఆ వీడియో లేదు, డిలీట్ చేసేశాను.”

“నీ మీద కేసేమీ ఉండదు. ఈ దేశంలో అలాంటిది లేదు. నేను రాసిస్తాను కావాలంటే.”

“కేసు గురించి కాదక్కా. ఇంట్లో చేరిన నెలకే ఆయన జాబ్ పోయింది. ఇల్లు అచ్చిరాలేదని ఇప్పటికే ఒకరిద్దరు అంటున్నారట. హోమం జరుగుతుండగా మనిషి పడిందని కూడా తెలిస్తే ఇంకేమైనా ఉందా? మా అత్తగారు అసలే రోజూ దిగులు పడుతోంది.”

మెల్లగా నచ్చజెప్పాల్సింది. నాకది చేతకాదు. “నీ ఇంటి శకునానికి ఆవిడ భుజం తాకట్టా?” అన్నాను. వదిన కప్పు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. చెప్పులు వేసుకుంటుంటే హాల్లో సోఫాలో కూర్చున్న అత్తగారు, డెబ్బై దాటిన పెద్దావిడ, నా వైపే చూస్తోంది. నా కార్డు బల్ల మీద పెట్టి బయటికొచ్చాను. కారులో కూర్చున్నాక నన్ను నేను తిట్టుకున్నాను. మాట బాగానే ఉంది, దాంతో కేసు మాత్రం మునిగింది.

ఆ తర్వాత మూడు వారాలు గడ్డుగా గడిచాయి. ఇండియన్ షాపులో కరివేపాకు ఏరుకుంటుంటే పక్క వరసలో మాటలు ఆగిపోయేవి. ‘స్నేహితుల మధ్య లాయరు దూరింది’ అన్నారని తెలిసింది. చిన్న ఊళ్లో ఈ పని చేయడమంటే ఇదే. నా క్లయింటూ, నాకు ఎదురుతిరిగినవాళ్లూ, చూసి నవ్వేవాళ్లూ అందరూ దీపావళికి ఒకే హాల్లో ఒకే వరసలో ప్లేట్లు పట్టుకుని నిలబడాలి. ఆవిడేమో ఫోన్ చేసి, “పోనీలెండక్కా, వదినని ఇబ్బంది పెట్టొద్దు,” అంది. ఆ మాటకి నాకు వచ్చినంత కోపం ఎదుటి పక్షం మీద కూడా ఎప్పుడూ రాలేదు. “నీ చెయ్యి నీది కాదా? నీకు లేని పట్టుదల నాకెందుకు?” అని అరిచాను. కింద పెద్దాయన ఆ రోజు మాత్రం పైకి వచ్చి చూసి వెళ్లాడు.

రివ్యూ ఇంకో వారం ఉందనగా, పొద్దున పదింటికి మెట్ల మీద నెమ్మదిగా అడుగుల చప్పుడు వినిపించింది. తలుపు తీస్తే వదిన అత్తగారు. చీర మీద కొడుకు జాకెట్టు, తలకి ఉన్ని టోపీ, చేతిలో కూరగాయల సంచి. ఇంగ్లీషు ముక్క రాని మనిషి సిటీ బస్సులో ఒక్కతే వచ్చింది.

“ఎలా వచ్చారు పిన్నిగారూ?”

“నువ్వు ఆ రోజు బల్ల మీద పెట్టిపోయిన కార్డు డ్రైవరుకి చూపించా. ఎదురుగ్గా ఆపి దింపాడు. మంచి పిల్లాడు.” కుర్చీలో కూలబడి, సంచిలోంచి తువ్వాల్లో చుట్టిన ట్యాబ్లెట్ తీసింది. “కోడలు అదేం తీసెయ్యలేదమ్మాయ్. ఇందులోనే ఉంది. పగలంతా అదే పెట్టుకుని చూసుకుంటది.”

“ఆవిడకి చెప్పే తెచ్చారా?”

“చెప్పా. ఏడ్చింది. వద్దనలేదు.”

వీడియో పెట్టాను. పొగ, మంత్రాలు, అలారం గోల. కెమెరా పంతులుగారి మీద ఉంది. వెనకాల వంటింటి గుమ్మంలో స్టూలెక్కుతున్న పొడుగాటి మనిషి వీపు, నల్లటి నున్నటి జడ. చెయ్యి పైకి లేచింది. పూర్తిగా, నిటారుగా, సీలింగు దాకా లేచింది. అలారం ఆగింది. హాలంతా ‘హమ్మయ్య’ అంది. ఆ నిశ్శబ్దంలో ధడేల్మని చప్పుడు, గిన్నె దొర్లిన చప్పుడు, సన్నగా ఒక మూలుగు. కెమెరా అటు తిరిగింది. నేల మీద ఒక చెయ్యి కనిపించింది. ‘ఆపు, ఆపు, తియ్యకు’ అని ఎవరో అన్నారు. దానికి ముందు ఇంకో గొంతు నవ్వుతూ వినిపించింది. ‘గిన్నెలు కూడా గృహప్రవేశం చేస్తున్నాయి!’ అందరూ నవ్వారు.

ఆ గొంతు నాదే.

పదకొండేళ్లుగా పడ్డవాళ్ల తరఫున పోట్లాడుతున్నానని చెప్పుకునే మనిషిని. నా చెవిన ఒక మనిషి పడిన చప్పుడు పడితే జోకేసి, మళ్లీ మంత్రాల వైపు తిరిగాను. సిగ్గుతో చచ్చిపోయాను. పెద్దావిడ నా మొహం చూసి, “నువ్వు చూళ్లేదుగా,” అంది. ట్యాబ్లెట్ మళ్లీ తువ్వాల్లో చుడుతూ, “నేను చూశా,” అంది.

రివ్యూ ఒక మోటెల్ మీటింగు గదిలో పెట్టారు. బల్ల, నీళ్ల జగ్గు, పిప్పరమెంట్ల గిన్నె. అధికారి స్వెటర్ వేసుకున్న నెమ్మదైన కివీ ఆవిడ. పథకం తరఫు ప్రతినిధి గోడ మీది స్క్రీన్‌లో ఉన్నాడు, కుర్రాడు, మర్యాదస్థుడు. నా క్లయింటు, మొగుడు నా పక్కన. పెద్దావిణ్ణి కారులో తీసుకొచ్చి, ఎవరి వైపూ చూడకుండా వెనక కుర్చీలో కూర్చుంది వదిన. నేను లేచి ముందుగా నా సంగతి చెప్పేశాను. ఆ రోజు ఆ ఇంట్లో నేనూ ఉన్నాను, పడ్డం చూడలేదు, వీడియోలో నవ్వే గొంతు నాది, అభ్యంతరం ఉంటే తప్పుకుంటాను అన్నాను. అధికారి కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, ఎవరికీ అభ్యంతరం లేదని రాసుకుని, “చిన్న ఊరు కదా,” అంది.

కుర్రాడు అడగాల్సిందే అడిగాడు. “ఈవిడ డాక్టరుకి ఒక కథ చెప్పారు, ఇప్పుడు ఇంకొకటి చెబుతున్నారు. రెండోదే నిజమని ఎలా అనుకోవాలి?”

ఆ ప్రశ్న కోసమే నేను వారం రోజులు కాచుకుని ఉన్నాను. “ఎవరైనా లాభం కోసం అబద్ధమాడతారు,” అన్నాను. “ఈవిడకి నిజమే లాభం. స్టూలు మీంచి పడ్డానని చెప్పుంటే మీరే మారుమాట్లాడకుండా ఒప్పుకునేవారు. ఆ అబద్ధంవల్ల ఈవిడకి ఏం ఒరిగింది? మీ ఉత్తరం వచ్చింది. తన చెయ్యి పోయేలా అబద్ధమాడిందంటే, అది తనకోసం ఆడింది కాదు.” గొంతు కాస్త పెరిగిందేమో. ఎవరూ తగ్గించమనలేదు.

సర్జన్ రాసిన రెండో ఉత్తరం ఇచ్చాను. బట్టలు ఆరేస్తే ఇలాంటి చిరుగు రాదు, వెనక్కి చాపిన చేతి మీద పడితే వస్తుంది అని అందులో ఉంది. వీడియో వేశాం. అధికారి మూడుసార్లు వేయించుకుంది. మూడోసారి కళ్లు మూసుకుని వింది. అలారం ఆగగానే వచ్చిన ఆ ధడేల్ దగ్గర ప్రతిసారీ నా పక్కనున్న ఆవిడ భుజం ఉలిక్కిపడింది. అధికారి కళ్లు తెరిచి అది కూడా చూసింది.

తర్వాత పెద్దావిడ. ఆక్లండ్ నుంచి ఫోన్లో దుబాసీ మాట్లాడుతున్నాడు. బల్ల మధ్య ఉన్న ఆ స్పీకరుకి పెద్దావిడ ముందు నమస్కారం పెట్టింది.

“పాలు నేల మీద ఉన్నాయని తెలిసీ ఎందుకు తుడవలేదు?” అని అధికారి అడిగింది. ఎకసెక్కం లేదు, తెలుసుకోవాలని అడిగింది.

“తుడవొద్దన్నది నేనమ్మా,” అంది పెద్దావిడ. “పొంగిన పాలు కాసేపు అలాగే ఉండాలని మా అత్తగారు చెప్పింది, నేను వీళ్లకి చెప్పా. ఆ పిల్ల నా ఎదురుగ్గా పడింది. చెయ్యి వెనక్కి పెట్టి పడింది. నేనే లేపా. లేపుతూనే చెప్పా, ఈ మాట బయట అనకమ్మా అని.”

దుబాసీ ఇంగ్లీషులో చెప్పేదాకా ఆగింది. వెనక్కి తిరిగి కోడల్ని ఒకసారి చూసింది. మళ్లీ అధికారి వైపు తిరిగింది.

“ఆ పిల్ల మీకు అబద్ధం చెప్పిందంటున్నారు. కాదు. పెద్దదాన్ని కదాని నా మాట వింది. తప్పుంటే నాది. నన్నేం చేసినా సరే, ఆ చెయ్యి మాత్రం బాగుచెయ్యండి.”

దుబాసీ ఆ వాక్యం చెప్పడానికి కొంచెం టైము తీసుకున్నాడు. స్క్రీన్‌లో కుర్రాడు కాగితాలు సర్దుకుని, తనకి ఇంకేం ప్రశ్నలు లేవన్నాడు. వెనక వదిన ఏడుస్తోంది. నా క్లయింటు లేచి వెళ్లి, ఎడంచేత్తో వదిన భుజం పట్టుకుని పక్కనే కూర్చుండిపోయింది. విచారణ ఇంకా పూర్తి కాలేదని అధికారి ఇద్దరిలో ఎవరికీ చెప్పలేదు.

తీర్పు నాలుగో వారంలో వచ్చింది. సూపర్ మార్కెట్ పార్కింగులో ఉన్నాను, ఫోన్ మోగింది, ఈమెయిల్. నేనెప్పుడూ చివరి పేజీ ముందు చూస్తాను. క్లెయిమ్ తిరస్కరించిన నిర్ణయం రద్దు. గాయం ప్రమాదంవల్లే. మధ్యలో ఒక వాక్యం: ఆ వృద్ధురాలి మాటని పూర్తిగా నమ్ముతున్నాను. ట్రాలీ వదిలేసి గాల్లోకి గుద్దులు గుద్దాను. గాలికి ట్రాలీ తనంతట తను దొర్లుకుంటూ పోయింది, ఒకాయన పరిగెత్తి పట్టుకున్నాడు. నేను ఎవరో తెలియని ఆయనకి, “గెలిచాం!” అని చెప్పాను. ఆయన కూడా సంతోషించాడు.

కేర్ హోంకి ఫోన్ చేశాను. దుప్పట్లు మడతపెడుతోంది. గెలిచామని చెప్పాను. “వదినకి మీరు చెబుతారా, నేను చెప్పనా?” అంది.

“నువ్వే చెప్పు,” అన్నాను.

ఆ సాయంత్రం గ్రూపులో వదిన వీడియో మొత్తం పెట్టింది, కోసేసిన ముక్కతో సహా. కింద రాసింది: ‘మా ఇంట్లో పడింది. మా వల్ల దాచుకుంది. ఇప్పుడు ఆపరేషన్ వచ్చింది.’ నా జోకు కూడా ఊరంతా వింది. దక్కాల్సిందే దక్కింది. మర్నాడు ఇండియన్ షాపులో పక్క వరసలో మాటలు ఆగలేదు సరికదా, ఒకావిడ నన్ను వెతుక్కుంటూ వచ్చి మోకాలు చూపించింది.

క్రిస్మస్‌కి ముందే ఆపరేషన్ అయింది. ఆరు వారాలు చెయ్యి మెడకి కట్టిన గుడ్డసంచీలో వేలాడింది. తర్వాత నెలల తరబడి వ్యాయామాలు. గోడ మీద వేళ్లు పాకించుకుంటూ పైకి వెళ్లడం, ఆగిన చోట పెన్సిలు గీత పెట్టడం. మొగుడు ఆ గీతల ఫొటోలు నాకు పంపేవాడు. ఆగస్టులో మళ్లీ మనుషుల్ని లేపే డ్యూటీలో చేరింది.

ఈ మధ్య ఆ ఇంట్లో సత్యనారాయణ వ్రతం, హోమం పెట్టుకున్నారు. ఇల్లు చేరి ఏడాదిన్నర దాటింది. వదిన భర్తకి వెల్లింగ్టన్‌లో ఉద్యోగం దొరికింది, అక్కడే జాన్సన్‌విల్‌లో ఒక గది తీసుకుని శని ఆదివారాలు వస్తాడు. నన్ను పిలుస్తారో లేదో అనుకున్నాను. వదినే వచ్చి బొట్టు పెట్టి పిలిచింది.

పొగ లేచింది, అలారం అరిచింది. పంతులుగారు మంత్రం ఆపేశారు. ఎవరూ ఎవర్నీ కేకేయలేదు. అంతా ఆవిడ వైపు చూడకుండా ఉండడానికి నానా తంటాలు పడుతున్నారు. ఆవిడే లేచి కొంగు దోపుకుంది. స్టూలు తెచ్చి అదే గుమ్మంలో వేసింది.

అప్పటికే పెద్దావిడ నేల మీద కూర్చుని తుడుస్తోంది. అక్కడ తుడవడానికేమీ లేదు, పొడిగానే ఉంది. అయినా ఒకసారి తుడిచి, టవలు మడిచి, మళ్లీ తుడిచింది. నేను వెళ్లి స్టూలుని రెండు చేతులా పట్టుకున్నాను. రెండోవైపు వదిన పట్టుకుంది.

ఆవిడ ఎక్కింది. కింద నుంచి నాకు జడ కనబడుతోంది. మొదలు నుంచి చివరిదాకా ఒకే బిగువు, తనే వేసుకుంది. కుడిచెయ్యి ఎత్తింది. భుజం దాటింది, చెవి దాటింది, పెన్సిలు గీతలన్నీ దాటి సీలింగు దాకా వెళ్లింది. బటన్ నొక్కింది. అలారం ఆగింది.

హాల్లో ఎవరూ హమ్మయ్య అనలేదు. అందరూ ఆవిడ కాళ్లనే చూస్తున్నారు.

“దిగనా అక్కా?” అంది.

కింద నేల ఒకసారి చూశాను. తలూపాను. ఒక కాలు, తర్వాత రెండో కాలు, నెమ్మదిగా దిగింది.